కంటికి కానరాని కాపరులు – ఉప్పునీటి తొట్టెలో ఉపకార సూక్ష్మజీవుల స్థాపన

గోదావరి ఒడ్డున, అడవుల నడుమ నున్న మా ఏటూరునాగారము సముద్రమునకు చాల దూరము. ఇచటి పిల్లలు ఎరిగిన చేపలు కొర్రమట్ట, బొచ్చె, వాలుగ వంటి మంచినీటి చేపలే. కొన్ని సంవత్సరముల క్రిందట మేము విద్యార్థులను వెంటబెట్టుకొని విశాఖపట్టణమునకు విజ్ఞానయాత్ర వెళ్లినపుడు, సముద్రతీరపు రోడ్డున గల మత్స్యదర్శినిలో అద్దముల వెనుక ఈదుచున్న ఉప్పునీటి చేపలను చూచి మా పిల్లలు కదలలేదు. తిరిగి వచ్చిన పిమ్మట మన కళాశాలలో కూడ అటువంటి తొట్టె నొకదానిని పెట్టవలెనని పట్టుపట్టిరి. మేము సరే యంటిమి. ఆ తొట్టె మాకు నేర్పిన పాఠమును విద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మేము తెలుగు బోధించువారము, జీవశాస్త్రజ్ఞులము గాము. తెలియక చేసిన తప్పే మమ్ము ఈ విషయమును చదువునట్లు చేసినది.

మా మొదటి తప్పు

అద్దపు తొట్టె తెచ్చితిమి. అందు నీరు పోసి, సముద్రపు నీటి వలె నుండుటకు తగిన లవణములు కలిపితిమి. మోలీ యను చిన్న చేప మంచినీటిలో అమ్మబడునదైనను, ఉప్పునకు క్రమముగా అలవాటు చేసినచో సముద్రపు నీటియందును బ్రతుకును. ఒక విద్యార్థి తన ఉపకార వేతనములో మిగిల్చిన డబ్బుతో అటువంటి చేపలను ఆరింటిని కొని తెచ్చి, మరొక పాత్రలో వారము దినములు కొద్దికొద్దిగా ఉప్పు పెంచుచు వాటిని సిద్ధపరచెను. తొట్టె నీరు అద్దము వలె తేటగా నున్నది. “ఇక వేయవచ్చును” అని మేమే చెప్పితిమి.

అయిదవ దినమున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను. మొప్పలు ఎర్రబడెను. తొమ్మిదవ దినమునకు ఆరును చనిపోయినవి. ఆ పిల్లవాడు మా దగ్గరకు వచ్చి, “సార్, నీళ్లు మంచిగనే ఉన్నయి గద! మరి శాపలెందుకు సచ్చినయి?” అని అడిగెను. మావద్ద సమాధానము లేకపోయెను. రసాయనశాస్త్ర ఉపన్యాసకులు ఆ నీటిని పరీక్షించి, అందు అమ్మోనియా మిక్కుటముగా నున్నదని తేల్చిరి. ఆ విద్యార్థి తరువాత వారము దినములు ప్రయోగశాల వైపు రాలేదు. నీరు తేటగా నుండుట వేరు, ప్రాణికి తగినదిగా నుండుట వేరు అను సంగతి మేమెరిగి యుండినచో ఆ ఆరు ప్రాణములు పోయెడివి కావు.

అమ్మోనియా ఎచట నుండి వచ్చును?

చేప తిను మేతలో మాంసకృత్తులు గలవు. వాటియందు నత్రజని కలదు. శరీరమునకు అక్కర తీరిన పిమ్మట మిగిలిన నత్రజనిని చేప అమ్మోనియా రూపమున, అధికభాగము మొప్పల ద్వారముననే, నీటిలోనికి విడుచును. తినక మిగిలిన మేత, మలము కుళ్లినను అమ్మోనియాయే పుట్టును. నదిలోనో సముద్రములోనో ఇది అపారమైన నీటిలో కలిసిపోవును. నాలుగు అద్దముల నడుమ బందీయైన నీటిలో మాత్రము దినదినము పేరుకొనును.

నీటిలో అమ్మోనియా రెండు రూపములుగా నుండును. ఒకటి విద్యుదావేశము గల అమ్మోనియం అయాను. ఇది అంతగా హాని చేయదు. రెండవది ఆవేశము లేని అమ్మోనియా. ఇది మొప్పలగుండా రక్తములోనికి సులభముగా చొచ్చుకొనిపోవును. ఈ రెంటి పాలు నీటి పి.హెచ్. విలువపై ఆధారపడును. పి.హెచ్. 7 గల మంచినీటిలో విషరూపము నూటికి అరవంతు మాత్రమే. సముద్రపు నీటి పి.హెచ్. సుమారు 8.2, అందు, వెచ్చని వాతావరణమున, విషరూపము నూటికి ఆరేడు వంతులగును. అనగా ఒకే మోతాదు అమ్మోనియా మంచినీటి తొట్టెలో కంటె ఉప్పునీటి తొట్టెలో పదిరెట్లకు పైగా ప్రమాదకరము. మా మోలీలు మంచినీటిలో ఉండినచో మరికొన్నాళ్లు బ్రతికియుండెడివేమో!

సురేకారము చెప్పు కథ

అట్లయినచో విశాఖలోని తొట్టెలలో చేపలెట్లు బ్రతుకుచున్నవి? అమ్మోనియాను తిని బ్రతుకు సూక్ష్మజీవులు అచట ముందుగానే కాపురమున్నవి. ఒక తెగ అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చును. మరియొక తెగ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చును. దీనినే మన పాఠ్యగ్రంథములలో నత్రీకరణము అందురు. నైట్రైట్ కూడ విషమే. అది రక్తమును గోధుమవర్ణమునకు మార్చి, ప్రాణవాయువును మోసికొనిపోవు శక్తిని పోగొట్టును. సముద్రపు నీటిలోని క్లోరైడు దీని తీవ్రతను చాలవరకు అరికట్టును. నైట్రేట్ మాత్రము మితముగా నున్నంతవరకు చేపలకు పెద్ద కీడు చేయదు.

ఈ సూక్ష్మజీవుల పని మన పెద్దలకు పేరు తెలియకయే పరిచితము. మందుగుండునకు వాడు సురేకారమును, అనగా పెట్లుప్పును, పూర్వము పశువుల కొట్టముల మట్టి నుండియు, పాతగోడల అడుగు మన్ను నుండియు తీయుచుండిరి. ఉర్దూలో దానిని శోరా అందురు. పశువుల మూత్రమునుండి పుట్టిన అమ్మోనియాను మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మార్చగా ఏర్పడినదే ఆ సురేకారము. బీహారు ప్రాంతపు సురేకారము ఓడలకెక్కి ఐరోపా దేశములకు పోయెను. మన రైతు చేనిలో గొర్రెల మంద పెట్టించుటలోని లాభమును కొంతవరకు ఈ జీవులే పైరునకు అందించుచున్నవి.

శాస్త్రజ్ఞులు తెలిసికొన్న విధము

1850లో లండను నగరమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రవేత్త ఒక తొట్టెలో బంగారుచేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపి పెంచి, అవి ఒకదాని నొకటి పోషించుకొను తీరును వెల్లడించెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన గ్రంథముతో ‘అక్వేరియం’ అను పదము వ్యాప్తిలోనికి వచ్చెను. అయితే వారి కాలమున మొక్కలు విడుచు ప్రాణవాయువే చేపల బ్రతుకునకు కారణమని యెంచిరి గాని, సూక్ష్మజీవుల పాత్ర తెలియదు.

1877లో ఫ్రాన్సు దేశమున ష్లోజింగ్, ముంట్స్ అను నిరువురు ఒక గొట్టమున ఇసుకను, సున్నపురాతి పొడిని నింపి దానిగుండా మురుగునీటిని మెల్లగా పారించిరి. సుమారు ఇరువది దినములు అమ్మోనియా ఎట్లు పోసిన అట్లే బయటికి వచ్చెను. పిమ్మట నైట్రేట్ కనబడెను. ఇది కేవలము రసాయనక్రియయే అయినచో మొదటి దినముననే జరుగవలెను గదా! క్లోరోఫారము ఆవిరిని పంపినంతనే ఆ క్రియ ఆగిపోయెను. తరువాత కొంత మట్టినీరు కలుపగా మరల సాగెను. కావున ఇది ప్రాణముగల జీవుల పనియే అని రుజువైనది. ఆ ఇరువది దినముల నిరీక్షణయే మా తొట్టె రహస్యము కూడ.

విశేషమేమనగా, మొదట పేర్కొన్న వారింగ్టన్ కుమారుడు, తండ్రి పేరే గలవాడు, ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రమున ఈ నత్రీకరణమును పరిశీలించి, ఇది రెండు దశలలో రెండు వేర్వేరు జీవులచే జరుగుచున్నదని గ్రహించెను. తండ్రి తొట్టెలో దాగిన రహస్యమును కుమారుడు నేలలో వెదకెను. ఆ జీవులను వేరుచేసి చూపిన ఖ్యాతి 1890 ప్రాంతమున విన్‌గ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞునికి దక్కినది. ఇవి సూర్యరశ్మి లేకయే, అమ్మోనియాను ఆక్సీకరించగా వచ్చు శక్తితో, బొగ్గుపులుసు వాయువునుండి తమ శరీరములను తామే నిర్మించుకొనునని ఆయన నిరూపించెను.

కథ అంతటితో ముగియలేదు. తొట్టెలలో నైట్రైట్‌ను మార్చునది నైట్రోబాక్టరు అని చిరకాలము పుస్తకములలో వ్రాసిరి. 1998లో జరిగిన పరిశోధన మంచినీటి తొట్టెలలో ఆ పని చేయునది ముఖ్యముగా నైట్రోస్పైరా జాతి యని తెలిపెను. 2005లో అమెరికాలోని సియాటిల్ నగరపు అక్వేరియంలో, ఉప్పునీటి తొట్టె అడుగున గల గులకరాళ్లనుండి, అమ్మోనియాను తిను ఆర్కియా జాతి జీవిని వేరుచేసిరి. ఇది బాక్టీరియా కాదు. మరియొక జీవశాఖకు చెందినది. దాని పేరు నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్. సముద్రములందంతటను ఇట్టి జీవులు అసంఖ్యాకములుగా నున్నవని పిమ్మట తెలిసినది. 2015లో రెండు దశలను ఒక్కటే నిర్వహించు నైట్రోస్పైరా కూడ బయటపడినది. ఒక చేపల తొట్టె అడుగు రాయి ప్రపంచ విజ్ఞానమునకు క్రొత్త ద్వారమును తెరచినదనిన, మన పిల్లలు తమ ప్రయోగశాలను చిన్నచూపు చూడనవసరము లేదు.

ఎందులకింత ఆలస్యము?

పాలకు తోడు వేసిన తెల్లవారునప్పటికి పెరుగగును. తొట్టెకు నెలకు పైగా ఎందుకు పట్టును? పాలలోని జీవులకు సిద్ధాన్నము సమృద్ధిగా దొరకును. నత్రీకరణ జీవులకు అమ్మోనియానుండి లభించు శక్తి అతిస్వల్పము. దానిలో అధికభాగము వంట చేసికొనుటకే చాలును. అనుకూల పరిస్థితులలో కొన్ని బాక్టీరియా ఇరువది నిమిషములకొకసారి రెట్టింపగును. నత్రీకరణ జీవులకు రమారమి ఒక దినము పట్టుననుకొందము. ఒక్కటి పది లక్షలగుటకు ఇరువది రెట్టింపులు కావలెను. మొదటివానికి అది ఏడు గంటల పని. రెండవవానికి ఇరువది దినముల పని. పైగా రెండవ తెగ, మొదటి తెగ నైట్రైట్‌ను తయారుచేసిన పిమ్మటనే వృద్ధిచెందవలెను. అందువలన ఉప్పునీటి తొట్టెకు నాలుగు నుండి ఎనిమిది వారముల వ్యవధి కావలసియుండును.

తొట్టెను సిద్ధము చేయు పద్ధతి

ఒకటి, నీరు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములుండును. 50 లీటర్ల తొట్టెకు ఒకటిముప్పావు కిలో కావలెను. వంట ఉప్పు ఒక్కటే చాలదు. మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేటు, బైకార్బొనేటు మున్నగునవి కూడ కావలెను గనుక అక్వేరియములకై అమ్ము లవణమిశ్రమమునే వాడవలెను. కుళాయి నీటిలో బ్లీచింగు పౌడరు కలిపియుండును. అందలి క్లోరిను చేపలనే కాక సూక్ష్మజీవులను కూడ చంపును. కావున సోడియం థయోసల్ఫేటుతో క్లోరినును తొలగించిన పిమ్మటనే వాడవలెను.

రెండు, నివాసము. ఈ జీవులు నీటిలో తేలియాడుట కంటె ఉపరితలముల నంటిపెట్టుకొని బ్రతుకుటకే ఇష్టపడును. కావున ఇసుక, గుల్లముక్కలు, వడపోత స్పంజి వీటికి ఇండ్ల వంటివి. కోళ్ల దాణా దుకాణములలో దొరకు గుల్లముక్కలు చౌక. పగడపు రాళ్లకొరకు మాత్రము ఆశపడరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద పగడపు దిబ్బలను నిర్మించు జీవులకును, సముద్రగుర్రములకును 2001 నుండి రక్షణ కలదు. ఒక తొట్టె అందమునకై సముద్రమును పాడుచేయుట విద్యావంతులకు తగదు.

మూడు, తోడు. బాగుగా నడచుచున్న ఉప్పునీటి తొట్టెనుండి గుప్పెడు గులకరాళ్లను తడి ఆరకుండ తెచ్చి వేసినచో కాలము కలిసివచ్చును. మంచినీటి తొట్టె తోడు ఉప్పునీటికి అంతగా పనికిరాదు. సీసాలలో అమ్మబడు జీవుల విషయమున ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. నత్రీకరణ జీవులు బాసిల్లస్ జాతి వలె సిద్ధబీజములను ఏర్పరచుకొనవు; కావున ఎండిన పొడిరూపమున ఏండ్ల తరబడి నిలువయుండునను మాటను వెంటనే నమ్మరాదు.

నాలుగు, ఆహారము. చేపలను బలిపెట్టి అమ్మోనియాను పుట్టించుట క్రూరము, అనవసరము. దానికి బదులు అమ్మోనియం క్లోరైడును వాడవచ్చును. ఇది పాత్రలకు కళాయి వేయువారు వాడు నవాసాగరమే; ఉర్దూలో నౌషాదర్. బజారులోని దానిలో మలినము లుండవచ్చును గనుక ప్రయోగశాలలోని శుద్ధపదార్థమునే తీసికొనవలెను. 50 లీటర్లలో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని యుండవలెననిన 0.38 గ్రాములు చాలును. ఇంతకు మిక్కిలి ఎక్కువ వేసినచో జీవుల వృద్ధియే కుంటుపడును.

అయిదు, గాలి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారుటకు సుమారు 4.57 గ్రాముల ప్రాణవాయువు ఖర్చగును. పైన వేసిన మోతాదులో నత్రజని 100 మిల్లీగ్రాములు. దానికి 457 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కావలెను. వెచ్చని సముద్రపు నీటిలో లీటరుకు ఆరున్నర మిల్లీగ్రాములకు మించి నిలువదు గనుక, తొట్టె మొత్తములో ఉన్నది సుమారు 325 మిల్లీగ్రాములే. అనగా గాలిపంపు నిరంతరము నడువనిదే లెక్క సరిపోదు. మన ప్రాంతమున కరెంటు పోయినపుడు చేపలతో పాటు ఈ జీవులకు కూడ ఊపిరాడదు. బ్యాటరీతో నడచు పంపు ఒకటి అవసరము. ఈ క్రియలో నీటి క్షారత కూడ తగ్గును; గుల్లముక్కలు మెల్లగా కరగి కొంతవరకు దానిని భర్తీ చేయగలవు గాని, పి.హెచ్. విలువను అప్పుడప్పుడు చూచుచునే యుండవలెను.

ఆరు, పరీక్ష. రెండు దినములకొకసారి అమ్మోనియా, నైట్రైట్‌లను కొలిచి పుస్తకమున వ్రాయవలెను. మొదట అమ్మోనియా నిలకడగా నుండును. పిదప తగ్గుచు, నైట్రైట్ పెరుగును. తుదకు నైట్రైట్ కూడ తగ్గి నైట్రేట్ మిగులును. 2 మిల్లీగ్రాముల మోతాదు వేసిన ఇరువదినాలుగు గంటలలో అమ్మోనియా, నైట్రైట్ రెండును శూన్యమైననాడే తొట్టె సిద్ధమైనదని యెంచవలెను. అప్పుడు పేరుకొన్న నైట్రేట్ తగ్గుటకై సగము నీటినైనను మార్చి, ఒకటి రెండు చేపలతో ఆరంభింపవలెను. జీవుల సంఖ్య ఆహారమునకు తగినంతయే యుండును. ఒక్కసారిగా పది చేపలను దింపినచో మరల మొదటికే వచ్చును.

కాపాడుకొనుట

చాలమంది వడపోత స్పంజిని కుళాయి క్రింద తళతళలాడునట్లు కడుగుదురు. నెలరోజుల శ్రమ ఆ ఒక్క క్షణములో పోవును. తొట్టెనుండి తీసిన నీటిలోనే మెల్లగా పిండవలెను. చేపకు జబ్బు చేసినదని తొట్టెలోనే యాంటిబయాటిక్ మందు కలుపుట కూడ ఈ జీవులకు ముప్పు. నైట్రేట్ పోవుటకు ఇంకొక మార్గము కలదు. ప్రాణవాయువు చొరని రాతి లోపలను, మందమైన ఇసుక అడుగునను వేరొక తెగ జీవులు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోనికి పంపును. చిన్న తొట్టెలో దీనిపై ఆధారపడక, అప్పుడప్పుడు కొంత నీటిని మార్చుటయే సులభోపాయము.

ఇది కేవలము వినోదమునకు సంబంధించిన విద్య కాదు. నెల్లూరు మొదలు గోదావరి జిల్లాల వరకు గల రొయ్యల చెరువులలో వేలాది కుటుంబముల జీవనము ఈ చక్రముపైననే ఆధారపడియున్నది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి లభించిన పిమ్మట ఈ సాగు ఎంతో విస్తరించి, ఆంధ్రప్రదేశ్ దేశమున అగ్రస్థానము వహించినది. మాంసకృత్తులు మెండుగా గల మేతను ఎక్కువగా వేసిన చెరువులో అమ్మోనియా పెరిగినచో, మా ఆరు చేపలకు పట్టిన గతియే లక్షల రొయ్యలకు పట్టవచ్చును. మన కళాశాల విద్యార్థులలో ఎవరైన రేపు ఆ రంగమున ఉద్యోగము చేయవచ్చును. ఈ చిన్న తొట్టె లెక్కయే అచట పెద్ద చెరువు లెక్క.

రెండవ ప్రయత్నము

సంక్రాంతి సెలవులు ముగిసిన పిమ్మట మరల ఆరంభించితిమి. హైదరాబాదులో ఉప్పునీటి తొట్టె గల ఒక మిత్రుని నుండి గుప్పెడు రాళ్లు తడిగుడ్డలో తెప్పించితిమి. ఆ విద్యార్థిని మేమే పిలిపించి, “తప్పు నీది కాదు, మాది. ఈసారి లెక్కల పుస్తకము నీ చేతిలోనే యుండును” అని చెప్పితిమి. ఖాళీ తొట్టెలో గాలిబుడగలు మాత్రమే ఆడుచుండగా చూచినవారు నవ్విరి. పండ్రెండవ దినమున అమ్మోనియా తగ్గుట మొదలిడెను. నైట్రైట్ మాత్రము దిగిరాదు. ముప్పదవ దినమునకు తోటి విద్యార్థులు విసిగి, “వేసేద్దాం సార్” అని తొందరపెట్టిరి. పుస్తకము చేతపట్టినవాడు ఒప్పుకొనలేదు. నలుబదియవ దినమున రెండు విలువలును శూన్యమైనవని అతడే పరుగున వచ్చి తెలిపెను. ఆ సాయంకాలము రెండే చేపలను తన చేతులతో విడిచెను. అవి బ్రతికినవి. తరువాత నెలలో మరి రెండింటిని చేర్చితిమి.

‘ఆలస్యం అమృతం విషం’ అని మన సామెత. ఈ తొట్టె విషయమున తొందరయే విషమైనది. ఉర్దూలో సబర్ అనియు, తెలుగులో ఓర్పు అనియు మన రెండు భాషలును నేర్పు గుణము వట్టి నీతివాక్యము కాదనియు, దానికి ఒక కొలత, ఒక లెక్క కలవనియు మేము ఆ నలుబది దినములలో తెలిసికొంటిమి. ప్రాణముతో కూడిన పని చేపట్టు విద్యార్థులు ముందుగా చదివి, కొలిచి, పిమ్మటనే చేయి వేయుదురు గాక యని మా ఆకాంక్ష.